ఉమ్మితే చూడి కట్టినట్టు

కిందటి సంవత్సరం వేసవిలో మా పెద్దమ్మాయి దగ్గర కెనడాలోని సస్కటూన్‌లో ఉన్నప్పుడు, ఒక ఆదివారం మా అల్లుడు నన్ను ఊరి బయట ఉన్న ఒక అల్పాకాల దొడ్డికి తీసుకువెళ్ళాడు. అల్పాకా అంటే ఒంటె జాతికి చెందిన, దట్టమైన ఉన్ని ఉండే చిన్న జంతువు. నేను పశువైద్యుణ్ణి కాబట్టి అక్కడి కొండలూ సరస్సులూ చూపించడం కన్నా ఇది నాకు నచ్చుతుందని అతను అనుకున్నాడు, అది నిజమే. మేము వెళ్ళేసరికి దొడ్డి యజమానురాలు ఒక మగ అల్పాకాను పలుపుతో పట్టుకొని, ఒంటరిగా నిలబెట్టిన ఒక ఆడదాని దగ్గరికి నడిపిస్తున్నది. ఆడది దాన్ని చూసిన మరుక్షణం చెవులు వెనక్కి వాల్చి, గడ్డం పైకెత్తి, కడుపులో నుంచి తెచ్చుకున్న ఆకుపచ్చని నెమరు మేతను దాని ముఖం మీద ఉమ్మింది. మగది ఇంకొక అడుగు ముందుకు వేయబోతే కాలు విసిరి, దొడ్డి మూలకు పారిపోయింది. ఆమె మగదాన్ని వెంటనే బయటికి తోలి, జేబులోని చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుంది. ఏమి రాసుకున్నారని అడిగితే, మగదానితో దాటించి రెండు వారాలయిందనీ, ఇప్పుడు ఉమ్మింది గనుక చూడి కట్టినట్టు, అంటే కడుపు నిలిచినట్టు, రాసుకున్నాననీ చెప్పింది.

నేను ఆ కంచె పట్టుకొని చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. ముప్పయ్యొక్క సంవత్సరాలు విజయనగరం జిల్లాలో చీపురుపల్లి, గుర్ల, మెరకముడిదాం ప్రాంతాల పల్లెల్లో తిరుగుతూ నేను చేసిన పనిలో సగానికి పైగా ఒకే ఒక్క దానికోసం వెతకడం. ఆడ పశువు మగదాన్ని ఒప్పుకునే ఆ కొద్ది గంటలను, అంటే ఎదను, ఎలా పట్టుకోవాలన్నదే నా ఉద్యోగం. ఇక్కడ ఈ జంతువులో వెతకవలసింది ఒప్పుకోలును కాదు, నిరాకరణను. ఆ తేడా ఎందుకు వచ్చిందో నాకు పాఠంగా కొంత తెలుసు, కానీ కళ్ళతో చూడటం అదే మొదలు.

మన పాడి రైతుకు ఎద అంటే ఏమిటో చెప్పనవసరం లేదు. ఆవుకైనా గేదెకైనా సుమారు 21 రోజులకు ఒకసారి ఎద వస్తుంది. ఆవు అరుస్తుంది, తోటి పశువుల మీదికి ఎక్కుతుంది, తోక కింద జిగురు తీగలు వేస్తుంది, పాలు తగ్గిస్తుంది. గేదె అలా కాదు. దానిది చాలాసార్లు మూగ ఎద. అరుపు ఉండదు, ఎక్కడం ఉండదు, వచ్చిన కొద్దిపాటి గుర్తులు కూడా రాత్రివేళో తెల్లవారుజామునో కనబడి, పొద్దెక్కేసరికి మాయమవుతాయి. ఎండాకాలంలో అయితే మరీ కష్టం. పొద్దున ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున సూది, అంటే కృత్రిమ గర్భధారణ, వేయించాలని మేము ఊరూరా చెప్పేవాళ్ళం, కానీ కనబడనిదాన్ని ఎప్పుడని లెక్కపెడతారు? గుర్ల మండలంలో ఒక పెద్దావిడ ఒక్క గేదె మీద బతికేది. ఈని ఎనిమిది నెలలైనా అది మళ్ళీ కట్టలేదని ఆవిడ మూడుసార్లు ఆస్పత్రికి నడిచి వచ్చింది. నేను లోపలి పరీక్ష చేసి, మందు ఇచ్చి పంపించాను గానీ, తెల్లవారుజామున దీపం పట్టుకొని దాని తోక కింద చూడమని చెప్పాలన్న ఆలోచన నాకు మూడోసారి వరకూ రాలేదు. ఆవిడ రెండు ఈతల మధ్య పోగొట్టుకున్న పాల లెక్క నాకు ఇప్పటికీ గుర్తుంది, అది నా తప్పేనని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు.

అల్పాకాకు ఈ 21 రోజుల చక్రం లేదు. దాని అండాశయాల్లో అండపు తిత్తులు అలలు అలలుగా పెరుగుతూ ఉంటాయి; ఒకటి పెద్దదై, కొన్ని రోజులు నిలిచి, మగదాని కలయిక లేకపోతే కరిగిపోతుంది, అది కరిగేలోపే ఇంకొకటి పెరగడం మొదలుపెడుతుంది. తిత్తి సుమారు 7 మిల్లీమీటర్లకు చేరితే చాలు, అది పగలడానికి సిద్ధంగా ఉన్నట్టే. కానీ దానంతట అది పగలదు. కలయిక జరిగిన తరవాతే, ఒకటి రెండు రోజుల్లో, అండం విడుదలవుతుంది. అందువల్ల చూడి లేని ఆడ అల్పాకా దాదాపు ఏ రోజైనా మగదాన్ని ఒప్పుకుంటుంది, ముంగాళ్ళు మడిచి రొమ్ము మీద కూర్చుంటుంది. అండం విడుదలైన చోట పసుపు దేహం ఏర్పడి ప్రొజెస్టిరాన్ అనే హార్మోనును వదలడం మొదలుపెట్టగానే దాని నడవడి తలకిందులవుతుంది. ఇక మగది దగ్గరికి వస్తే ఉమ్ముతుంది, తన్నుతుంది, పారిపోతుంది.

ఆ పొలంలో ఆమె రాసుకున్న రెండు వారాల లెక్కకు కారణం ఇదే. కలయిక తరవాత వారానికి ఉమ్మితే, అండం విడుదలయిందని మాత్రమే అర్థం. చూడి కట్టకపోతే ఆ పసుపు దేహం 10 నుంచి 12 రోజుల్లో కరిగిపోయి, ఆడది మళ్ళీ మగదాన్ని ఒప్పుకుంటుంది. రెండు వారాలు దాటాక కూడా ఉమ్ముతున్నదంటే ఆ దేహాన్ని లోపల ఏదో నిలబెడుతున్నదని, ఆ నిలబెట్టేది పిండమని అనుకోవచ్చు. ఇది నూటికి నూరుపాళ్ళు నిజమయ్యే పరీక్ష కాదు, ఎందుకంటే కొన్నింటిలో చూడి లేకపోయినా పసుపు దేహం కరగక నిలిచిపోతుంది, కొన్ని ఆడవి స్వభావం చేతనే ఎవరినీ దగ్గరికి రానివ్వవు. పైగా ఈ జంతువుల్లో మొదటి రెండు నెలల్లో పిండాలు పోవడం ఎక్కువ. అందుకే నెల దాటాక అల్ట్రాసౌండ్ యంత్రంతో చూసి నిర్ధారించుకుంటారు, ఆ తరవాత కూడా అప్పుడప్పుడు మగదాన్ని చూపిస్తూనే ఉంటారు. అయినా, యంత్రం లేని చోట ఒక కాపరికి ఇంత తేలికైన, ఖర్చులేని పరీక్ష మరొకటి ఉండదని నాకు అనిపించింది. మన గేదెల్లో చూడి తేల్చడానికి రెండు మూడు నెలలు ఆగి, చెయ్యి పెట్టి చూసేవాళ్ళం.

ఊరికి తిరిగి వచ్చాక ఈ సంగతి మా వీధి చివర గొర్రెల మంద ఉన్న పెద్దాయనకు చెప్పాను. నేను ఆయనను చిన్నప్పటి నుంచి తాతా అని పిలుస్తాను, ఆయన నన్ను ఇప్పటికీ డాక్టరుబాబూ అంటాడు. ఆయన అంతా విని, "ఎద నేని గొడ్డు సూడెలగ కడతాది బాబూ?" అని అడిగి, కొంచెం ఆగి, "అయితే పిల్లినాగన్నమాట" అన్నాడు. ఎనభై ఏళ్ళు దాటిన ఆ మనిషి ఎవరి దగ్గరా చదవకుండా, ఇంటి చుట్టూ చూసి నేర్చుకున్న సంగతి అది. పిల్లిలోనూ కుందేలులోనూ కలయిక తరవాతే అండం విడుదలవుతుంది. అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది. పిల్లిలో, కుందేలులో శరీరానికి కలిగే తాకిడి నరాల ద్వారా మెదడుకు చేరి, అక్కడి నుంచి హార్మోను విడుదల కావడం ప్రధానం. ఒంటె జాతిలో ఆ పనిని ముఖ్యంగా చేసేది వీర్యమే.

ఈ విషయం బయటపడిన తీరు చాలా గొప్పది. రెండు మూపురాల ఒంటెల వీర్యద్రవంలో అండాన్ని విడుదల చేయించే గుణం ఏదో ఉందని 1985లో చైనా పరిశోధకులు ప్రకటించారు. ఆ మాటను చాలాకాలం ఎక్కువమంది పట్టించుకోలేదు. తరవాత కెనడాలోని సస్కచెవాన్ విశ్వవిద్యాలయంలో అల్పాకాల మీద, వాటి దగ్గరి చుట్టాలైన లామాల మీద చేసిన ప్రయోగాల్లో, శుక్రకణాలు లేని వీర్యద్రవాన్ని కండకు సూదిగా వేసినా అండం విడుదలయింది. అంటే తాకిడితో పని లేకుండానే ఆ ద్రవం రక్తం ద్వారా తన పని చేసింది. 2012లో ఆ పదార్థం ఏమిటో తేలింది. అది నరాల పెరుగుదలకు తోడ్పడే ప్రోటీనుగా వైద్యలోకానికి అప్పటికే దశాబ్దాలుగా తెలిసినది. దాన్ని కనుగొన్నందుకే రీటా లెవీ మోంటాల్చీనికి, స్టాన్లీ కోహెన్‌తో కలిపి, 1986లో నోబెల్ బహుమతి వచ్చింది. నరాలను పెంచే పదార్థమే ఒక జంతువు వీర్యంలో చేరి, ఆడదాని మెదడుకు అండం విడుదల చెయ్యమని కబురు పంపుతుందని ఎవరు ఊహించగలరు? ఆ పరిశోధన జరిగిన ఊళ్ళోనే మా అమ్మాయి ఉండటం కాకతాళీయమే, కానీ ఆ విశ్వవిద్యాలయం భవనాల ముందు నడిచినప్పుడు ఒక గుడి ముందు నడిచినట్టు నాకు అనిపించింది.

మనకు సూది పద్ధతి ఎంత అలవాటంటే, మేలుజాతి ఆంబోతు వీర్యాన్ని ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి ఊరూరికీ చేర్చడం మన రైతుకు వింతగా తోచదు. అల్పాకాలో ఇది ఇంకా వాడుకలోకి రాలేదు. దాని వీర్యం జిగురులా సాగుతుంది, దాన్ని పలచన చేసి, లెక్కకట్టి, గడ్డకట్టించి నిల్వ చేయడం చాలా కష్టం. సేకరించడమూ కష్టమే, ఎందుకంటే మగది ఆంబోతులా క్షణంలో ముగించదు. గొంతులో గురగురమని ఒక రాగం తీస్తూ ఇరవై నిమిషాల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఉండి, వీర్యాన్ని కొద్దికొద్దిగా నేరుగా గర్భాశయానికి కుడిఎడమల ఉండే కొమ్ముల్లోకే వదులుతుంది. కాబట్టి ఈనాటికీ మంచి మగది కావాలంటే మగదాన్నే తీసుకురావాలి, లేదా ఆడదాన్ని దాని దగ్గరికి తోలుకుపోవాలి. మా చిన్నతనంలో ఊరి ఆంబోతు ఉండేది కదా, అలాగే.

ఇంకొక వింత ఉంది. అండం కుడి అండాశయం నుంచి వచ్చినా ఎడమ నుంచి వచ్చినా, పిండం మాత్రం నూటికి 95కు పైగా ఎడమ కొమ్ములోనే నిలుస్తుంది. కుడివైపు మొదలైన పిండం కూడా ఎడమకు జరుగుతుంది, జరగనిది సాధారణంగా బతకదు. కవలలు పుట్టి బతకడం అత్యంత అరుదు.

ఇక ఈత సంగతి. దీని గురించి నేను ఎంత రాసినా తక్కువే. అల్పాకా చూడి కాలం సుమారు పదకొండున్నర నెలలు, అంటే 340 రోజుల చుట్టుపక్కల. వారం, రెండు వారాలు అటూ ఇటూ కావడం మామూలే. గేదెకు 310 రోజులు, గొర్రెకు 150 రోజులు అని వేళ్ళ మీద చెప్పగల మన కాపరికి, ఇంత చిన్న జంతువు ఇంతకాలం మొయ్యడం ఆశ్చర్యంగా ఉంటుంది. కానీ నాకు అంతకన్నా ఆశ్చర్యమైనది అది ఈనే వేళ. చాలా భాగం ఈతలు ఉదయం నుంచి మధ్యాహ్నం లోపు జరుగుతాయి. పెరూ, బొలీవియా దేశాల ఆండీస్ పర్వతాల్లో 3,500 మీటర్లకు పైన ఈ జంతువు వేల ఏళ్ళుగా బతికింది. అక్కడ పగలు ఎండ కాస్తుంది, రాత్రి నీళ్ళు గడ్డకడతాయి. తడిగా పుట్టిన పిల్ల సూర్యుడు వాలేలోపు ఆరి, లేచి, పాలు తాగి ఉండాలి, లేకపోతే ఆ రాత్రిని దాటదు. రాత్రి ఈనిన తల్లుల సంతానం మిగలలేదు, పగలు ఈనిన వాటి సంతానమే మిగిలింది. ఇక్కడ నేను గేదె ఈతలకు లేచి వెళ్ళిన రాత్రుల లెక్క నాకే తెలియదు, అందుకే ఈ సంగతి నా మనసును అంతగా పట్టుకుంది.

సస్కటూన్‌లో ఆ దొడ్డికి రెండోసారి వెళ్ళినప్పుడు ఒక ఈతను మొదటి నుంచి చివరి దాకా చూసే అదృష్టం కలిగింది. పొద్దున పదిన్నర గంటలయింది. ఆడది మంద నుంచి కొంచెం ఎడంగా జరిగి, నిలబడే ఉంది. ముందు ముక్కు, తరవాత రెండు ముంగాళ్ళు బయటికి వచ్చి, పిల్ల అలా సగం వేలాడుతూ ఉండిపోయింది, నోటి నుంచీ ముక్కు నుంచీ నీరు ధారగా కారుతున్నది. గేదె ఈతల్లో దూడను లాగి లాగి అలవాటైన నా చేతులు వాటంతట అవే ముందుకు వెళ్ళాయి. ఆ యజమానురాలు నా మోచెయ్యి పట్టుకొని ఆపింది. తలకిందులుగా వేలాడటం వల్లే ఊపిరితిత్తుల్లోని ద్రవం కారిపోతుందనీ, అడ్డం తిరిగితే తప్ప తొందరపడకూడదనీ చెప్పింది. ఇంకొక పావుగంటలో పిల్ల నేల మీద పడింది. మిగిలిన ఆడవన్నీ ఒక్కొక్కటే వచ్చి దాని వాసన చూసి వెళ్ళాయి. తూచితే ఏడు కిలోలు ఉంది. పుట్టిన పిల్లను అక్కడ స్పానిష్ మాటతో క్రియా అంటారు, మన భాషలో ఆ మాటకున్న అర్థం వేరైనా వినడానికి ఎంతో దగ్గరగా అనిపించింది.

తల్లి మాత్రం పిల్లను నాకలేదు. మన ఆవూ గేదే గొర్రే ఈనగానే నాలుకతో పిల్లను ఆరబెడతాయి, ఆ నాకడంలోనే తల్లీ పిల్లా ఒకరినొకరు గుర్తుపడతాయని మేము చదువుకున్నాం. ఒంటె జాతి జంతువుల నాలుక అలా బయటికి చాచడానికి వీలుగా ఉండదు. అందుకు బదులుగా పిల్ల ఒంటి మీద ఇంకొక పలుచని పొర ఉంటుంది, అది గాలికి ఎండి కాగితంలా రాలిపోతుంది. తల్లి ముక్కు ఆనించి సన్నగా మూలుగుతూ ఉంటే పిల్ల దానికి బదులు పలికింది. గంట తిరగకముందే లేచి, పొదుగు వెతుక్కుంది.

ఆ మొదటి పాల దగ్గర అల్పాకాకూ మన గేదెకూ తేడా లేదు. రెండింటిలోనూ రోగాన్ని తట్టుకునే యాంటీబాడీలు మాయ గుండా కడుపులోని పిల్లకు చేరవు. అవి ముర్రుపాలలోనే రావాలి, పిల్ల పేగు వాటిని పీల్చుకోగలిగేది మొదటి రోజు మాత్రమే, అందులోనూ మొదటి కొద్ది గంటల్లో ఎక్కువగా. మన ఇళ్ళలో గేదె ఈనగానే జున్ను కోసం చుట్టాలు గిన్నెలు పట్టుకొని వస్తారు. జున్ను నాకూ ఇష్టమే. కానీ దూడ కడుపు నిండాకే ఆ గిన్నె నిండాలని నేను ఎన్ని ఇళ్ళలో గొడవపడ్డానో చెప్పలేను. ఈనగాచి నక్కల పాలు చేసినట్టు అన్న సామెత ఉంది కదా, పది నెలలు మేపి, రాత్రంతా కాపలా ఉండి, ఆ మొదటి కొద్ది గంటల్లో దూడకు పాలు పట్టకపోతే జరిగేది అదే.

ఈనిన రెండు మూడు వారాలకు ఆడ అల్పాకాను మళ్ళీ మగదాని దగ్గరికి తోలుతారు. 340 రోజులకు ఇరవై రోజులు కలిపితే 360. ఏడాది 365 రోజులు. అంటే ఏటా ఒక పిల్లను అదే రుతువులో కనడానికి దానికి మిగిలేది ఐదు రోజులు. ఒక్కసారి కట్టకపోయినా, పిండం పోయినా ఆ ఏటి ఈత వెనక్కి జరుగుతుంది, ఆండీస్‌లో అయితే డిసెంబరు నుంచి మార్చి వరకు ఉండే వానాకాలపు పచ్చగడ్డి తప్పిపోతుంది. ఎదకోసం ఎదురుచూడనక్కర లేని శరీరం దానికి ఎందుకు అమరిందో ఈ లెక్క వేసినప్పుడే నాకు పూర్తిగా బోధపడింది. 21 రోజులకు ఒకసారి వచ్చే అవకాశం కోసం ఆగే తీరిక దానికి లేదు.

మగదాని విషయంలో మాత్రం తొందర పనికిరాదు. చాలా మగవాటిలో అంగం తొడుగుకు అతుక్కొనే ఉంటుంది, ఆ అతుకు పూర్తిగా విడిపోవడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. ఆడదాన్ని మాత్రం ఏడాది దాటి, పెద్దదాని బరువులో మూడింట రెండు వంతులు వచ్చాక దాటించవచ్చు.

ఈ నెల మొదట్లో రాజాం దగ్గరి ఒక యువకుడు, మాకు దూరపు చుట్టం, నన్ను చూడటానికి వచ్చాడు. ఫోనులో వీడియోలు చూసి, అల్పాకాలు తెప్పించి పెంచితే ఎలా ఉంటుందని అడిగాడు. "మావయ్యా, ఒంటె మన దేశంలో బతుకుతోంది కదా, ఇది దాని చుట్టమే కదా" అన్నాడు. చుట్టమే. ఒంటెకు కూడా కలయిక తరవాతే అండం విడుదలవుతుంది, దానికీ అల్పాకాకూ క్రోమోజోములు 74 చొప్పునే, బికనీర్‌లో ఒంటెల కోసం 1984లో మొదలైన జాతీయ పరిశోధన కేంద్రం ఉంది. కానీ ఒంటె ఎడారిది, అల్పాకా చలికొండది. మన తూర్పు కనుమల్లో 2,000 మీటర్లు దాటిన శిఖరమే లేదు. ఆ దట్టమైన ఉన్నితో మే నెల ఎండలో, సముద్రపు ఉక్కలో నిలబడితే ముందు దెబ్బతినేది మగదాని వృషణాలే. అవి వాచి, శుక్రకణాలు చచ్చి, వేడి తగ్గాక కూడా కోలుకోవడానికి నెలలు పడుతుంది. చూడి మోస్తున్న ఆడదానికి ఎండదెబ్బ తగిలితే పిండం పోవచ్చు. దాన్ని తెచ్చి ఇక్కడ నిలబెట్టడం దానికి చేసే అన్యాయమని, నేను ఒప్పుకోనని అతనికి చెప్పాను. అతను కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

మాటల్లో తెలిసింది, అతని ఇంట్లో ఇప్పటికే మూడు ముర్రా గేదెలున్నాయి, వాటిలో రెండు ఈని ఏడు నెలలైనా తిరిగి కట్టలేదు. ఎద ఎప్పుడు చూస్తున్నావని అడిగితే, పాలు పితికేటప్పుడు అన్నాడు. తెల్లవారుజామున మూడున్నరకు టార్చి పట్టుకొని, పడుకున్న గేదె తోక వెనక నేల మీద తీగ పడిందేమో చూడమనీ, చూసిన ప్రతి రోజూ తేదీ వేసి పుస్తకంలో రాయమనీ చెప్పాను. పదమూడో రోజున తెల్లవారకముందే ఫోను చేశాడు, ఒకదాని కింద తీగ కనబడిందట. ఆ సాయంత్రం సూది వేయించాడు. రెండో గేదెను ఇంకా చూస్తున్నాడు.